జ్యూరీలోకి ఎవరిని రానిచ్చారు?

1959లో నానావతి కేసులో బొంబాయి జ్యూరీలోని తొమ్మిది మందిలో ఎనిమిది మంది అతన్ని నిర్దోషి అన్నారు. హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 1974లో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమలయ్యాక మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ మాటే లేదు. అమెరికాలో మాత్రం ఇంకా ఉంది. అక్కడ పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లకూ ఆ పిలుపు వస్తుంది.

ఓటర్ల జాబితా, చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సుల జాబితా కలిపి, లాటరీ తీసినట్టు పేర్లు తీస్తారు. ఇంటికి సమన్లు పంపుతారు. వెళ్లకపోతే జరిమానా పడొచ్చు. ఫెడరల్ కోర్టులో రోజుకు 50 డాలర్ల భత్యం ఇస్తారు. వెళ్లినవాళ్లను ఒక హాల్లో కూర్చోబెడతారు. చాలామంది సాయంత్రం దాకా కూర్చుని అలాగే ఇంటికి పోతారు.

పేరు పిలిస్తే కోర్టు గదిలో ప్రశ్నలు మొదలవుతాయి. నిందితుడు మీకు తెలుసా? పోలీసుల మాటే నమ్ముతారా? పక్షపాతం ఉందని తేలితే జడ్జి ఎంతమందినైనా పంపేస్తారు. అది కాక, ఇరుపక్షాల లాయర్లకూ కొంతమందిని ఏ కారణమూ చెప్పకుండా వద్దనే హక్కు ఉంటుంది. చిక్కంతా ఇక్కడే!

నల్లజాతివాళ్లను జ్యూరీకి దూరం పెట్టే చట్టం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1880లోనే చెప్పింది. కానీ కారణం అడగని ఈ హక్కుతో వాళ్లను ఏరేస్తూనే వచ్చారు. జాతిని బట్టి తీసేశారన్న అనుమానం వస్తే కారణం చెప్పాలని 1986లో బాట్సన్ కేసులో తీర్పు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే జార్జియాలో ఫాస్టర్ అనే నల్లజాతి యువకుడి కేసులో మిగిలిన నలుగురు నల్లజాతివాళ్లనూ ప్రాసిక్యూటర్లు తీసేశారు. ఒకామెను వయసు చిన్నదన్నారు. ఆమెకు 34 ఏళ్లు. జ్యూరీలో 21 ఏళ్ల తెల్లజాతి వ్యక్తి ఉన్నారు! అందరూ తెల్లవాళ్లే ఉన్న ఆ జ్యూరీ మరణశిక్ష వేసింది.

2006లో, మన సమాచార హక్కు చట్టంలాంటి జార్జియా చట్టం కింద అడిగితే ప్రాసిక్యూటర్ల కాగితాలు బయటికొచ్చాయి. జాబితాలో నల్లజాతివాళ్ల పేర్లకు ఆకుపచ్చ రంగు పూసి, పక్కన ‘బి’ అని రాసుకున్నారు. మనకు అర్థం కావడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు 7–1తో ఆ తీర్పును రద్దు చేసింది. అప్పటికి ఫాస్టర్ దాదాపు 29 ఏళ్లుగా మరణశిక్ష ఖైదీ.

2022 జనవరి 1 నుంచి అరిజోనా రాష్ట్రం ఆ హక్కునే ఎత్తేసింది. అక్కడిప్పుడు ఎవరినైనా వద్దనాలంటే ఎందుకో జడ్జికి చెప్పి ఒప్పించాలి.