కనుమ దాకా పరుగు: గుండె ధైర్యం ఒక్కటే చాలదు

శ్రావణమాసం వచ్చిందంటే శనివారాల్లో శింగనమల మండలంలోని గంపమల్లయ్య కొండకు జనం బారులు తీరుతారు. అక్కడి పూజ చూడడానికే ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. 2021 ఆగస్టులో అలాంటి ఒక శనివారం పూజ చేస్తున్న పూజారి కొండ అంచున కాలు జారి, భక్తులు చూస్తుండగానే లోయలోకి పడి ప్రాణాలు విడిచారు. అంతకుముందు ఎన్నోసార్లు తొక్కిన బండే అది. తెలిసిన దారే. అయినా ఒక్క అడుగు తప్పింది.

ఆ సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం ఉంది. కొండదారుల్లో పరుగెత్తడం ఈనాడు ప్రపంచమంతటా పెద్ద క్రీడ అయింది. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారుజామున చెరువు కట్ట మీద పరుగులు తీసే మన కుర్రకారు కూడా కట్ట చాలక గట్టుదారి పట్టడం సహజం. ఆ ఉద్యోగానికి పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 8 నిమిషాల్లోపు పరుగెత్తాలి. గట్టెక్కి దిగితే దమ్ము పెరుగుతుందన్నది నిజమే. అయితే గట్టు మీద పరుగుకు లెక్క వేరు.

గజ్జెల ఈటె

కొండదారిలో పరుగు మనకు కొత్త కాదు. 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికి వచ్చిన నాటికి రైలు లేదు, మోటారు లేదు. ఉత్తరాలు మోసింది మనుషుల కాళ్లే. తపాలా సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన ఈటె చేతబట్టి, కొన్ని మైళ్లు పరుగెత్తి సంచిని మరొకరికి అందించేవారు. గజ్జెల చప్పుడుకు అడవి జంతువులు పక్కకు తొలగేవి, దారిలోని మనుషులు తప్పుకునేవారు. తరువాతి మజిలీలో కాచుకున్న మనిషి ఆ సవ్వడి విని లేచి నిలబడేవాడు.

ఆ పద్ధతిలో ఒక తెలివి ఉంది. ఏ ఒక్కరూ మొత్తం దారి పరుగెత్తలేదు. ఎవరి మజిలీ వారికి ఇంటి వాకిలి లాంటిది. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ వానకు బండ నాచు పడుతుందో వారికి తెలుసు. నేటి పందెగాళ్లకు కోచ్‌లు చెప్పే మొదటి మాట కూడా అదే: దారిని ముందు నడిచి చూడు, ఆ తరువాతే పరుగెత్తు.

ఖార్దుంగ్ లా పందెం

రెండు కొండల నడుమ దారినిచ్చే చోటును మనం కనుమ అంటాం. లడఖ్‌లో దానిని ‘లా’ అంటారు. లేహ్ పట్టణానికి పైన ఉన్న ఖార్దుంగ్ లా అలాంటి కనుమే. పూర్వం కాష్గర్ దిక్కుకు సాగే బిడారులు ఈ దారినే నడిచేవి. 1976లో రోడ్డు వేశారు. 1988లో మోటారు వాహనాలకు తెరిచారు. అక్కడి బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది. తరువాతి కొలతల్లో ఎత్తు 17,600 అడుగులకు దగ్గరగా ఉన్నదని తేలింది.

లడఖ్ మారథాన్‌లో భాగంగా ఈ కనుమ మీదుగా 72 కిలోమీటర్ల పందెం నడుస్తున్నది. ఇంకా చీకటి ఉండగానే ఖార్దుంగ్ గ్రామంలో బయలుదేరి, 30 కిలోమీటర్లకు పైగా ఎక్కి, కనుమ దాటి, మిగిలినదంతా లేహ్‌కు దిగాలి. దారి రోడ్డే గాని, అక్కడ గాలి మాత్రం మన గాలి కాదు.

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. ఆ కనుమ దాదాపు పదిహేను రెట్ల ఎత్తు. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సుమారు సగమే. అందుకే పందెగాళ్లు చాలా రోజుల ముందే లేహ్ చేరి ఒంటిని ఆ గాలికి అలవాటు చేసుకుంటారు. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఆగాలని వైద్యులు చెబుతారు. తొందరపడితే తలనొప్పి, వాంతులతో మొదలై, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగడం, మెదడు వాయడం దాకా పోతుంది. అప్పటి మందు ఒక్కటే, వెంటనే కిందికి దిగిరావడం.

మనవాళ్ల గెలుపు, మనవాళ్ల దుఃఖం

మైదానంలో పుట్టిన వారికి హిమాలయం లొంగదనుకోనక్కరలేదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం ప్రాంతానికి చెందిన ఆనంద్ కుమార్ ఆమె వెంట ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పేదింటి పిల్లలే. వారి శిక్షణ మొదలైంది భువనగిరి బండ మీద. అలాంటి బండలు మన జిల్లాలో కావలసినన్ని ఉన్నాయి. లేనిది నేర్పే మనిషే.

నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటి అనుభవశాలి 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట్లో ఆయన భౌతికకాయం దొరికింది. కొండ మీద ఒంటరితనం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

గట్టెక్కే ముందు

మన గుట్టల మీద ప్రాణవాయువుకు కొరత లేదు. ఇక్కడి శత్రువులు ఎండ, కదిలే రాయి, కంపచెట్లు. నిటారు ఎక్కుడులో పరుగు అవసరం లేదు. పేరుమోసిన పందెగాళ్లు సైతం అక్కడ చేతులు తొడల మీద ఊని గబగబా నడుస్తారు. చిన్న అడుగులు వేయాలి. చూపు రెండు మూడు గజాల ముందుండాలి.

దిగుడు తేలికనుకోవడం పెద్ద పొరపాటు. బరువంతా తొడలు, మోకాళ్లు ఆపుకోవాలి. అలసిన కాలు జారేది, చీలమండ బెణికేది ఎక్కువగా దిగేటప్పుడే. అందుకే పైకి పోయేటప్పుడే దిగడానికి కొంత సత్తువ దాచుకోవాలి.

ఎండాకాలంలో పొద్దెక్కక ముందే కిందికి చేరాలి. చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. మన ఇళ్లలోని ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. తోటివాడు తూలినా, మాట తడబడినా వడదెబ్బ అనుమానించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, గాలి తగలనిచ్చి, ఆసుపత్రికి తరలించాలి. ఒంటరిగా పోకూడదు. ఏ గట్టుకు పోతున్నదీ, ఎప్పుడు వస్తున్నదీ ఇంట్లో చెప్పి మరీ పోవాలి.

కావలసినవి కొన్నే

ఊరి కుర్రాళ్లు గట్టెక్కడం తప్పుకాదు, చెడు వ్యసనాల కంటే వేయి రెట్లు మేలు. వ్యాయామ ఉపాధ్యాయులు నెలకొకసారి వారి వెంట నడిచి మంచి దారి, చెడ్డ దారి చూపించగలిగితే చాలు. అలాగే శ్రావణ శనివారాల్లో గంపమల్లయ్య కొండ అంచున గట్టి తాడు, కాపలా మనుషులు, కింద ప్రథమచికిత్స తెలిసినవారు ఉండేలా అధికారులూ, గ్రామపెద్దలూ ముందుగానే చూడవలసి ఉంది. పూజ చేసే వారికి నడుముకు తాడు కడితే భక్తికి వచ్చే లోటేమీ లేదు.

2021లో ఆ కొండ మీది నుంచి పడింది ఒక మనిషి మాత్రమే కాదు, ఒక ఇంటి ఆధారం. ఎక్కినవాడు క్షేమంగా దిగి ఇంటికి వచ్చినప్పుడే కొండ ఎక్కినట్టు లెక్క.