తలుపు సరే, తాళం ఎవ్వరి చేతుల? లక్షద్వీప్ చెప్తున్న ముచ్చట

2020 మార్చి యాదికున్నదా? లాక్‌డౌన్ అనంగనే మన ఊర్లల్ల పొలిమేర కాడ ముండ్ల కంపలు అడ్డమేసిన్రు. కొన్ని జాగలల్ల రోడ్డుకు అడ్డంగ చెట్ల మొద్దులు వడ్డయి. పట్నం నుంచి వచ్చినోడు సొంత తమ్ముడైనా సరే, ముందుగాల బడిల పండుమన్నరు. అది తప్పా ఒప్పా అని మస్తు లొల్లి అయ్యింది. ఎనుకట కంపలు తీసేసినం, ముచ్చట మర్చిపోయినం.

అసొంటి అడ్డమే మన దేశంల ఒక తావుల యాభై ఏండ్లకు పైబడి ఉన్నది. అది ముండ్ల కంప కాదు, కాయిదం మీది కంప. దాని పేరు ఎంట్రీ పర్మిట్. ఆ తావు లక్షద్వీప్. కరోనా ఆంక్షలు సడలిచ్చేటప్పుడు ఆ కంప చుట్టు నడిచిన కథ మన పోరగాండ్లకు తెలువాలె. ఎందుకంటే "స్థానికుడు అంటే ఎవ్వరు" అన్న సవాలు మనది గూడ.

గా దీవులు ఎట్లుంటయి?

కేరళకు పడమరన అరేబియా సముద్రంల 36 దీవులు. వాటిల మనుషులుండేటివి పదే: కవరత్తి, అగత్తి, అమిని, కద్మత్, కిల్తాన్, చెట్లత్, బిత్ర, ఆంద్రోత్, కల్పేని, మినికాయ్. అన్ని దీవులు కలిపినా భూమి 32 చదరపు కిలోమీటర్లే. మన దిక్కు ఒక్క మండలమంత గూడ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం జనం 64 వేల పైచిలుకు.

బతుకుదెరువు కొబ్బరి, చాపలు. గాలం ఏసి ట్యూనా చాపలు పడుతరు. మినికాయ్ల ఆ చాపను ఉడకవెట్టి, పొగవెట్టి, ఎండవెట్టి "మాస్" చేస్తరు. మినికాయ్ల మహల్ భాష మాట్లాడుతరు, మిగిలిన దీవులల్ల మలయాళం యాస. జనంల శానామంది ముస్లింలు. అయినా ఇంటిపేరు, ఇంటి ఆస్తి తల్లి దిక్కు నుంచి వచ్చే ఆనవాయితీ అక్కడ ఇంక ఉన్నది.

కొచ్చి నుంచి ఓడల పోతె దీవిని బట్టి 14 నుంచి 18 గంటలు పడుతది. విమానం దిగేటందుకు అగత్తి ఒక్కటే దిక్కు. పెద్ద రోగమొస్తె హెలికాప్టర్ల కొచ్చికి తీస్కపోవాలె.

తాగే నీళ్లది ఇంకో గోస. పగడపు దీవి కింద వాన నీరు పల్చటి పొరలెక్క ఉప్పు నీటి మీద తేలుతుంటది. బావిల మోటర్ పెట్టి ఎక్కువ గుంజితె కిందికెళ్లి ఉప్పు నీరు పైకొస్తది. అందుకే 2005 సంది కవరత్తిల సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు పెట్టిన్రు. ఆ తర్వాత వేరే దీవులల్ల గూడ వచ్చినయి. ఇంత చిన్న భూమి, ఇంత పల్చటి నీటి పొర. ఎంతమంది వస్తరు, ఎంతమంది ఉంటరు అన్నది అక్కడ బతుకు లెక్క.

రూల్ ఏం చెప్తది?

1967ల వచ్చిన ప్రవేశ, నివాస ఆంక్షల నియమాల ప్రకారం దీవులల్ల పుట్టనోళ్లు, భారత పౌరులైనా సరే, పర్మిట్ లేకుండ పోరాదు, ఉండరాదు. డ్యూటీ మీద పోయే ప్రభుత్వ ఉద్యోగులు, సైన్యం వేరే లెక్క. మనం పోవాల్నంటె పోలీసు క్లియరెన్స్ తీస్కోని దరఖాస్తు పెట్టాలె.

భూమికి ఇంకో కాపలా ఉన్నది. దీవులల్ల పుట్టి, తల్లిదండ్రులిద్దరు గూడ అక్కడ్నే పుట్టినోళ్లను షెడ్యూల్డ్ తెగలుగ గుర్తిస్తరు. వాళ్ల భూమి బయటోళ్ల చేతులకు పోకుండ 1965 భూ నియంత్రణ చట్టం అడ్డం ఉంటది. మన ఏజెన్సీల 1/70 ఎట్లనో, అక్కడ ఇది అట్ల.

ఇక్కడొక చిక్కు వచ్చింది. దవాఖాన సౌలత్ సక్కగ లేక కాన్పుకు ఆడోళ్లు కొచ్చి పోతరు. బిడ్డ అక్కడ పుట్టింది. మరి ఆ బిడ్డ "దీవిల పుట్టినోళ్ల" లెక్కల వస్తదా? రాదు అంటె తల్లిదండ్రులు ఎస్టీ, బిడ్డ కాదు! అందుకే 2008ల పార్లమెంటు సవరణ చేసింది. మెయిన్‌ల్యాండ్ల పుట్టినా, దీవికొచ్చి స్థిరపడితె దీవి బిడ్డే అని రాసిన్రు. రూల్ మంచిదే అయినా బతుకును చూడకుండ రాస్తె ఎవ్వలను ముంచుతదో చూసిన్రు గదా.

కంప తీసిన దినం

2020 మొత్తం లక్షద్వీప్ల ఒక్క కరోనా కేసు లేదు. దేశంల అన్ని రాష్ట్రాలు అల్లాడుతుంటె అక్కడ సున్నా. ఎట్ల? పర్మిట్ల తలుపు బిగిచ్చిన్రు. దీవిబిడ్డలైనా సరే, కొచ్చిల క్వారంటైన్ల ఉండి, పరీక్ష చేయించుకోని, దీవి చేరినంక గూడ మల్ల విడిగ ఉండాలె.

అది సులువు పని కాదు. చదువుకునే పిల్లగాండ్లు, దవాఖానకు పోయినోళ్లు, చిన్న యాపారం చేసేటోళ్లు రోజులకు రోజులు కొచ్చిలనే చిక్కుకున్నరు. ఖర్చులు మీద వడ్డయి. "ఎన్ని దినాలు ఇట్ల?" అన్న మాట న్యాయమైందే. జీవితాంతం తలుపు మూసి ఉంచలేం.

2020 డిసెంబర్ మొదట్ల పాత అడ్మినిస్ట్రేటర్ దినేశ్వర్ శర్మ చనిపోయిన్రు. ప్రఫుల్ ఖోడా పటేల్ ఆ కుర్చీలకు వచ్చిన్రు. ఆ నెల ఆఖర్ల రూల్ మారింది. క్వారంటైన్ తీసేసి, నెగెటివ్ రిపోర్టు ఉంటె చాలన్నరు. 2021 జనవరి 18న మొదటి కేసు బయట వడ్డది. మే నెల ఆఖరుకు కేసులు ఆరు వేలు దాటినయి. మొత్తం మీద 11 వేలకు పైగ కేసులు, 52 మంది పానాలు పోయినయి.

రెండో అల దేశమంతా కొట్టింది, క్వారంటైన్ ఉన్నా కేసులు వస్తుండెనేమో. అది నేను కొట్టిపారేస్త లేను. కని దీవుల జనం అడిగింది వేరే. ఏడాది పాటు మేం కడుపు కట్టుకోని కాపాడుకున్న దాన్ని, మమ్ముల అడగకుండ, మా పంచాయతీలతోని మాట్లాడకుండ ఎట్ల మారుస్తరు అన్నరు. లక్షద్వీప్ల శాసనసభ లేదు. ఢిల్లీ పంపిన అడ్మినిస్ట్రేటర్ సంతకమే చట్టం లెక్క నడుస్తది.

అసలు భయం భూమి మీద

కరోనా నడుమనే డెవలప్‌మెంట్ అథారిటీ రెగ్యులేషన్ ముసాయిదా వచ్చింది. అభివృద్ధి పేరు మీద ఏ జాగనైనా ప్లానింగ్ ఏరియా అనొచ్చు, తీస్కోవచ్చు అన్న భయం జనంల వడ్డది. దాని ఎంబడే ముందస్తుగ నిర్బంధించే గూండా చట్టం లెక్కటి ముసాయిదా, ఇద్దరికంటె ఎక్కువ పిల్లలుంటె పంచాయతీకి పోటీ చెయ్యొద్దనే ముసాయిదా. "సేవ్ లక్షద్వీప్" అని ఆన్‌లైన్ల పెద్ద లేచింది. 2021 మే 31న కేరళ అసెంబ్లీ ఏకగ్రీవంగ తీర్మానం చేసింది.

అడ్మినిస్ట్రేషన్ దిక్కు మాట గూడ ఇనాలె. టూరిజం వస్తె కొలువులొస్తయి, మాల్దీవుల లెక్క పైసలొస్తయి అన్నరు. 2024 జనవరిల ప్రధానమంత్రి అక్కడికి పోయి ఫోటోలు పెట్టంగనే దేశమంతా లక్షద్వీప్ గురించి ఎతుకవట్టింది. అక్కడి పోరలకు కొలువులు కావాలె, కాదనేది లేదు. కని రిసార్టుల వెయిటర్ కొలువు ఇచ్చి కింది భూమి తీస్కపోతె అది బేరమేనా?

ఒక సంగతి జర గమనించున్రి. 2021ల దీవుల పరిస్థితి చూసొస్తమని కేరళ ఎంపీలు కొందరు అడిగితె పర్మిట్ దొరకలే. దీవిజనాన్ని కాపాడేతందుకు పెట్టిన తలుపే, దీవిజనం గోస ఇనేతందుకు వచ్చేటోళ్లకు మూసిన్రు. తలుపు అదే, కాయిదం అదే. తాళం ఎవ్వరి చేతులున్నదో దాన్ని బట్టి ఫలితం మారింది.

2025 జూలైల ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. మనుషులుండే దీవులల్ల అందరికంటె చిన్నది బిత్ర. రక్షణ అవసరాలకు ఆ దీవి మొత్తం తీస్కునేతందుకు సామాజిక ప్రభావ మదింపు చేస్తమన్నరు. దేశ రక్షణ ముఖ్యమే. మరి బిత్రల పుట్టినోడు రేపు ఏ దీవి స్థానికుడైతడు?

మనకేం సంబంధం?

మనకు ఈ ముచ్చట కొత్తది కాదు. ముల్కీ రూల్స్ మీదనే 1969ల తెలంగాణ పోరగాండ్లు రోడ్ల మీదికొచ్చిన్రు. తర్వాత 371-డి వచ్చింది, 1975ల, 2018ల రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. ఇయ్యాల గూడ నోటిఫికేషన్ వడంగనే ఒకటి నుంచి ఏడు దాంక బోనఫైడ్‌ల కోసం బడి చుట్టు తిరుగుతం. ఏజెన్సీ టీచర్ కొలువులు నూటికి నూరు ఆదివాసీ బిడ్డలకే అన్న జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది గూడ 2020 ఏప్రిల్లనే, మనమంత ఇంట్ల బందీలై ఉన్నప్పుడు.

ఇగ దీంట్ల నుంచి నేర్చుకునేది రెండు మాటలు. ఒకటి, "స్థానికుడు" అన్న రూల్ బయటోని మీద పగ కాదు. తక్కువ భూమి, తక్కువ నీళ్లు, తక్కువ బలం ఉన్నోళ్లకు అది గొడుగు. రెండు, గొడుగు పట్టుకునే చెయ్యి గూడ వాళ్లదే కావాలె. పై నుంచి ఎవ్వలో పట్టుకుంటె వాన వచ్చినప్పుడు ముడుస్తరు, ఎండ లేనప్పుడు ఇప్పుతరు.

తమ్మీ, చెల్లె, లక్షద్వీప్ చూడబుద్ధైతె పోండ్రి. ప్రభుత్వ టూరిజం సంస్థ స్పోర్ట్స్ ప్యాకేజీలున్నయి, పర్మిట్ పని అండ్ల భాగమే. ఆ కాయిదం చేతికొచ్చినప్పుడు ఇసుక్కోకున్రి. అది మీకు అడ్డం కాదు, ఆ పల్చటి నీళ్ల పొరకు కాపలా. మీ ఊర్లె గ్రామసభ పెట్టిన దినం గూడ పోయి కూసోండ్రి. మన భూమి ముచ్చట మనం లేనప్పుడు తేలిపోకుండ చూస్కునేతందుకు అంతకంటె దగ్గరి తొవ్వ లేదు.