నాటు తుపాకీకి గురి ఎందుకు కుదరదు?

పలమనేరు నుంచి కుప్పం దాకా కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న పల్లెల్లో శెనక్కాయ చేను కాయ పట్టే వేళకు అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో గుంపు చాళ్లన్నీ తవ్విపోతే, రైతుకు విత్తనం ఖర్చు కూడా తిరిగి రాదు. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు వచ్చి ఇక్కడే నిలిచాయి. 1990లో అభయారణ్యం ఏర్పడింది. చెరకు, అరటి, వరి, మామిడి ఏది వేసినా కావలి తప్పని పరిస్థితి. ఈ కష్టానికి పాతకాలం నుంచి ఉన్న జవాబు నాటు తుపాకీ. చట్టం కూడా దాన్ని గుర్తించింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి పంట రక్షణ కోసం లైసెన్సు ఇవ్వవచ్చు. ఈ తుపాకీ పంటను కాపాడగలదన్నది అరవై ఏళ్లు దాటిన ఆ నిబంధన వెనక ఉన్న నమ్మకం, అది భౌతికశాస్త్రం ముందు నిలవదని నా వాదన. తుపాకీకి గురి కుదిరేది మందు బలం వల్ల కాదు, ప్రతి పేలుడూ అంతకుముందు పేలుడులాగే ఉండటం వల్ల. నాటు తుపాకీకి సాధ్యం కానిది సరిగ్గా అదే.

ఈ సంగతి బాగా తెలిసినవాళ్లు అమెరికాలో తమ తూటాలను తామే తయారుచేసుకునే వేటగాళ్లు. హ్యాండ్‌లోడింగ్ అనే ఈ పని అక్కడ చట్టబద్ధమైన వ్యాపకం. పశ్చిమ రాష్ట్రాల పచ్చిక మైదానాల్లో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్ అనే ఉడుత జాతి జంతువును రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచి కొట్టాలంటే, దుకాణంలో కొన్న తూటా ఒక్కోసారి చాలదు. అందుకని పేలిన ఇత్తడి తొడుగును మళ్లీ కొలతకు తెచ్చి, మందును అంటించే ప్రైమర్‌ను కొత్తది బిగించి, మందును త్రాసులో తూచి పోసి, గుండును ప్రతిసారీ ఒకే లోతుకు దింపుతారు. తూకానికి వాడే కొలమానం గ్రెయిన్, అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. తేడా వస్తే అందులో పదో వంతు దగ్గరే పట్టుకుంటారు. మందు ఎంత పోయాలన్నది ప్రయోగశాలలో పీడనం కొలిచి అచ్చువేసిన పట్టికల్లో చూసుకుంటారు. ఆ తర్వాత క్రోనోగ్రాఫ్‌తో గుండు వేగాన్ని కొలిచి, వరుస తూటాల మధ్య తేడా ఎంతో లెక్కిస్తారు. ఇంత శ్రమా తూటాను శక్తిమంతం చేయడానికి కాదు, పది తూటాలనూ ఒకే తూటాలా చేయడానికి. మంచి రైఫిల్లో ఇలా చేసిన తూటాలు వంద మీటర్ల దూరాన మూడు సెంటీమీటర్ల వలయంలో పడతాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, తుపాకీమందు కాలే వేగం దాని చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి మారుతుంది. పీడనం పెరిగితే మందు ఇంకా త్వరగా కాలుతుంది, త్వరగా కాలితే పీడనం ఇంకా పెరుగుతుంది. కాబట్టి మొదట్లో ఉన్న చిన్న తేడా గొట్టం చివరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. మందు బరువు, గుండు బిగువు, మందు మీద మిగిలిన ఖాళీ, వీటిలో ఏది మారినా ఫలితం మారుతుంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ నైట్రోసెల్యులోజ్‌తో పొగరాని మందును తయారుచేశాక ఈ తేడాలను అదుపులో పెట్టడం వీలైంది. అంతకుముందున్న పాత మందు సురేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. నాటు తుపాకీలో వాడేది ఇప్పటికీ ఈ రకమే. 1870లలో ఇంగ్లండులో నోబుల్, ఏబెల్ అనే పరిశోధకులు మూసిన ఉక్కుపాత్రల్లో దాన్ని కాల్చి చూస్తే, బరువులో సగం కంటే తక్కువే వాయువుగా మారింది. మిగతాదంతా ఘనపదార్థమే. పొగగా కొంత పోయినా కొంత గొట్టం గోడలకు అంటుకుంటుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఇనుమును తినేస్తుంది. రెండోసారి పేల్చేనాటికి అది మొదటి గొట్టం కాదు. పైగా నాటు మందులో బొగ్గు ఏ కట్టెదో, నూరుడు ఎంత మెత్తగా సాగిందో, చెమ్మ ఎంత చేరిందో ఏ విడతకు ఆ విడత వేరు. దట్టించే చేతి బలం కూడా ప్రతిసారీ ఒకటిగా ఉండదు.

ఈ తేడా ఎంతవరకు పోతుందో ఒక లెక్క చూద్దాం. ఒక గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో, ఇంకొకటి 340 మీటర్ల వేగంతో బయలుదేరాయనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కనపెడితే అరవై మీటర్ల దూరంలో రెండోది మొదటిదానికంటే నాలుగు సెంటీమీటర్లు కిందికి పడుతుంది. అది పెద్ద తేడా కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవలసిందే. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రెండో గుండు శక్తి నాలుగో వంతుకు మించి తగ్గిపోతుంది. పంది భుజం మీది మందపాటి చర్మాన్ని, కొవ్వును, ఎముకను దాటి గుండె దాకా పోవలసిన గుండు మధ్యలోనే ఆగేది ఇందువల్లే.

అంతకంటే పెద్ద చిక్కు గుండ్రటి గుండులోనే ఉంది. దాన్ని మొదట విడమరచి చెప్పినవాడు బెంజమిన్ రాబిన్స్. గుండు వేగాన్ని లోలకంతో కొలిచే పద్ధతిని 1742లో ప్రకటించిన ఇంగ్లీషు గణితవేత్త ఆయన. తర్వాత ఈస్టిండియా కంపెనీకి ఇంజనీరుగా వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. నున్నటి గొట్టంలో కాస్త వదులుగా ఉండే గుండు అటూ ఇటూ తగులుతూ పోయి, చివరిసారి ఏ గోడకు రాసుకుంటే దాన్నిబట్టి గిరగిరా తిరుగుతూ బయటికి వస్తుందనీ, ఆ తిరుగుడే గాలిలో దాన్ని పక్కకు లాగుతుందనీ ఆయన చెప్పాడు. రుజువు కోసం తుపాకీ గొట్టం చివరను కొద్దిగా ఎడమకు వంచి పేల్చాడు. గుండు మొదట ఎడమకే పోయి, తర్వాత కుడివైపు వంపు తిరిగింది! ఆ తిరుగుడు ఏ వైపుకో పేల్చేవాడికి ముందుగా తెలిసే దారి లేదు. ఎంత అనుభవమున్న చెయ్యయినా, ఎంత చురుకైన కన్నయినా దాన్ని సరిదిద్దలేదు. రైఫిల్ గొట్టంలోని మెలిక గాళ్లు చేసేదల్లా ఆ తిరుగుడును ప్రతిసారీ ఒకే అక్షం మీద, ఒకే దిశలో ఉంచడం.

మన పెద్దలు ఈ తుపాకులతోనే పంటలు కాపాడుకోలేదా అని అడిగేవాళ్లుంటారు. కాపాడుకున్నారు. అయితే మంచె మీది నుంచి పేల్చిన తుపాకీ చేసిన మేలులో ఎక్కువ భాగం దాని శబ్దానిదే. శబ్దానికి గుండు అక్కర్లేదు, పైగా జంతువులు ఒట్టి శబ్దానికి త్వరగానే అలవాటుపడతాయి. గుండు తగిలీ చావని పంది ఇంకా ప్రమాదం. తెల్లవారి కలుపుకో నీరు కట్టడానికో వెళ్లిన మనిషి మీదికి అదే దూకుతుంది. పేలుడు పదార్థాన్ని ఎరలో చుట్టి పెట్టే నాటు బాంబు సంగతి మరీ దారుణం. దానికి పందీ ఆవూ తేడా తెలియదు. 2020లో కేరళలో ఒక గర్భిణి ఏనుగు అలాంటి ఎరను కొరికి, నోరు ఛిద్రమై, నీళ్లలో నిలబడి ప్రాణం విడిచింది.

అలాగైతే రైతుకు మంచి రైఫిలూ, తూచి చేసిన తూటాలూ ఇస్తే సరిపోదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యకూడదు, ఎందుకంటే నా వాదనే అక్కడికి దారితీస్తుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. ఆ మాట పక్కనపెట్టినా, మూడు సెంటీమీటర్ల గురి కుదిరేది పగటి వెలుగులో, తెలిసిన దూరంలో, కదలని లక్ష్యం మీద. పంది వచ్చేది చీకట్లో, గుంపుగా, పరుగు మీద. తప్పిన రైఫిల్ గుండు కిలోమీటర్లు పోగలదు, పక్క చేనులో కావలి కాసే మనిషి ఎక్కడున్నాడో దానికి తెలియదు. ఏనుగు విషయంలో ప్రశ్నే లేదు. పంట నష్టం కారణంగా దాన్ని చంపడానికి వన్యప్రాణి చట్టం ఏ అధికారికీ అనుమతి ఇవ్వదు. అక్కడ పనికొచ్చేవి కందకాలు, సౌర కంచెలు, పలమనేరు దగ్గరి ముసలిమడుగు శిబిరంలోని కుంకీలు, అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ పొందిన ఏనుగులు. 2025 మే నెలలో కర్ణాటక మన రాష్ట్రానికి నాలుగు కుంకీలను అప్పగించింది.

పంది సంగతి వేరు. నిలువు పంటను నాశనం చేస్తుంటే దాన్ని కాల్చడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం అదే చట్టం 11వ సెక్షన్ అటవీ శాఖకు కల్పించింది. అనుమతి ఇచ్చినచోట కాల్చేవాడు శిక్షణ పొందినవాడై ఉండాలి, తుపాకీ రైఫిలై ఉండాలి, తూటా కొలిచి పరీక్షించినదై ఉండాలి. వెనక మట్టిగట్టు లేనిచోట కాల్చకూడదన్న షరతు ఆ ఉత్తర్వులోనే రాయాలి. నష్టపరిహారం కోసం రైతు నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగకుండా చూడాలి, లేకపోతే అటకమీది నాటు తుపాకీ మళ్లీ కిందికి దిగుతుంది. పంట రక్షణకు మూతి నుంచి దట్టించే తుపాకీ అన్న మాటను ఆయుధాల చట్టం 13వ సెక్షన్ నుంచి పార్లమెంటు తీసెయ్యాలి.