గేర్ బాక్స్ మొరాయిస్తే

యంత్రానికి నోరు లేదని లోకం అంటుంది. పాత కారును ఏళ్ల తరబడి నడిపిన వ్యక్తి ఆ మాటను అంగీకరించడు. గేరు మార్చేటప్పుడు వినిపించే కరకర శబ్దం, బండి వేగం పుంజుకొనేటప్పుడు కాళ్ల కింద పుట్టే గురగుర, వేసిన గేరు తనంతట తాను జారిపోవడం - ఇవన్నీ యంత్రం తన బాధను తెలుపుకొనే తీరులే. నాడి చూడకుండా మందు ఇచ్చే వైద్యుని వల్ల రోగికి ఎంత ప్రమాదమో, శబ్దాన్ని వినకుండా పానా పట్టే పనివాని వల్ల యంత్రానికి అంత ప్రమాదం. పాత స్పోర్ట్స్ కారులో చేతితో మార్చే గేర్ బాక్స్ చెడిపోయినప్పుడు ఈ సత్యం మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ఇంగ్లండులో తయారైన ఎంజీబీ అనే కారు ఇందుకు మంచి ఉదాహరణ. ఈ చిన్న స్పోర్ట్స్ కారు 1962లో వెలువడింది. ఆక్స్‌ఫర్డ్ నగరానికి సమీపంలోని అబింగ్డన్ కర్మాగారంలో 1980 వరకు దీనిని తయారుచేశారు. ఆ 18 సంవత్సరాలలో 5 లక్షలకు పైగా కార్లు బయటికి వచ్చాయి. దీని ఇంజన్ పరిమాణం 1798 ఘన సెంటీమీటర్లు. ఇంజన్, దాని వెనుక క్లచ్, ఆ వెనుక నాలుగు గేర్ల పెట్టె, అక్కడి నుంచి వెనుక చక్రాలకు శక్తిని అందించే పొడవైన షాఫ్ట్ - ఇదీ అమరిక. నిర్మాణం సరళమైనది కావడం వల్ల దీనిని స్వయంగా బాగుచేసుకొనే అభిమానులు నేటికీ అనేక దేశాలలో ఉన్నారు.

ఇంగ్లండులోని ఒక గృహస్థుని వద్ద తండ్రి వాడిన 1965 నాటి ఎంజీబీ ఉన్నదనుకుందాం. ఒకనాడు దాని గేర్లు సరిగా పడటం మానివేశాయి. ప్రతి గేరుకూ కరకరమనే శబ్దం; దానికి తోడు ఏదో గురగుర. గేర్ బాక్స్ పోయిందని చూసినవారందరూ తేల్చారు. అతని వద్ద ఉన్న సొమ్ము ఒక్కసారి మరమ్మతుకు మాత్రమే సరిపోతుంది. లోపం ఒకచోట ఉండగా మరొకచోట ఖర్చుపెడితే సొమ్మూ పోతుంది, బండీ మూలపడుతుంది. ఏమీ చేయక అలాగే నడిపితే లోపలి పళ్లు విరిగి, బాగుచేయడానికి వీలులేని స్థితి రావచ్చు. ఇటువంటి సమయంలో అతనికి ముందుగా కావలసినది యంత్రం పనిచేసే విధానాన్ని గురించిన అవగాహన.

బరువైన బండరాయిని చేతులతో కదల్చలేని మనిషి పొడవైన గునపంతో కదల్చగలడు. గునపం చివర ఎక్కువ దూరం కదిలితే రాయి కొద్ది దూరమే కదులుతుంది. కాని ఆ కొద్ది కదలికలో గొప్ప బలం ఉంటుంది. గేర్ల పని కూడా ఇటువంటిదే. 1965 నాటి ఎంజీబీలో మొదటి గేరులో ఇంజన్ సుమారు 3.64 చుట్లు తిరిగితే గేర్ బాక్స్ నుంచి వెలుపలికి వచ్చే షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గి, బలం పెరుగుతుంది. నిలిచి ఉన్న బండి కదలడానికి ఆ బలం అవసరం. నాలుగవ గేరులో రెండూ సమానంగా తిరుగుతాయి. అప్పుడు శక్తి పక్కనున్న పళ్ల చక్రాల మీదుగా పోకుండా ముందు షాఫ్ట్ నుంచి వెనుక షాఫ్ట్‌కు నేరుగా చేరుతుంది. ఈ చివరి అంశాన్ని గుర్తుంచుకోవాలి. లోపాన్ని పట్టుకోవడానికి తరువాత ఇదే ఉపకరిస్తుంది.

వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను పళ్లతో కలపవలసి రావడమే గేర్ బాక్స్‌లోని అసలు చిక్కు. 1890వ దశకం నాటి తొలి కార్లలో పళ్ల చక్రాలను పక్కకు జరిపి ఒకదానిలో ఒకటి దూర్చేవారు. వేగాలు కలవకపోతే పళ్లు ఒరుసుకొనేవి. దానిని తప్పించడానికి డ్రైవరు క్లచ్‌ను రెండుసార్లు నొక్కవలసి వచ్చేది. మొదటిసారి నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఇంజన్ వేగాన్ని సరిచేసి, మళ్లీ నొక్కి గేరు వేయాలి. డబుల్ క్లచ్ అనే ఈ పద్ధతి మన ప్రాంతంలో పాత లారీలు నడిపిన డ్రైవర్లకు సుపరిచితమే. ఈ శ్రమను తగ్గించే సింక్రోమెష్ అమరికను 1928లో అమెరికాకు చెందిన కాడిలాక్ సంస్థ తన కార్లలో ప్రవేశపెట్టింది.

సింక్రోమెష్‌లో కీలకమైనది రాగి మిశ్రమ లోహంతో చేసిన ఒక ఉంగరం. దీనిని సింక్రో రింగు అంటారు. దీని లోపలి భాగం శంకువు ఆకారంలో ఉంటుంది. ఆ ఉపరితలంపై సన్నని గాడులు ఉంటాయి. గేరు వేయగానే ఈ రింగు పళ్ల చక్రానికి ఉన్న శంకువుపై ఒత్తుకుంటుంది. గాడులు మధ్యనున్న నూనె పొరను చీల్చివేస్తాయి. అప్పుడు పుట్టే రాపిడి వల్ల రెండింటి వేగాలు సమానమవుతాయి. సమానమయ్యేంత వరకు రింగు పళ్లు అడ్డుగా నిలిచి, తరువాత దారి ఇస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ గాడులు అరిగి నునుపెక్కుతాయి. నూనె పొర తెగదు, రాపిడి చాలదు. వేగాలు కలవకముందే పళ్లు తాకి కరకరమంటాయి.

1967కు పూర్వం తయారైన ఎంజీబీలలో రెండు, మూడు, నాలుగు గేర్లకు మాత్రమే సింక్రో ఉన్నది. మొదటి గేరుకు లేదు. కాబట్టి బండి కదులుతుండగా మొదటి గేరు వేస్తే శబ్దం రావడం ఆ కాలపు కారుకు సహజం. దాని మొదటి గేరు, రివర్స్ గేరుల పళ్లు నిటారుగా కోసినవి కావడం వల్ల అవి తిరిగేటప్పుడు సన్నగా కూత పెట్టడం కూడా సహజమే. లోపం కానిదానిని లోపంగా భావించి సొమ్ము వ్యయం చేసేవారు లేకపోలేదు.

అందువల్ల పరీక్ష ఒక క్రమంలో సాగాలి. మొదట అనుమానించవలసినది గేర్ బాక్స్‌ను కాదు, క్లచ్‌ను. క్లచ్ పూర్తిగా విడవకపోతే ఇంజన్ గేర్ బాక్స్‌ను తిప్పుతూనే ఉంటుంది. ఏ గేరూ నెమ్మదిగా పడదు. దీనిని తెలుసుకొనే మార్గం సులభం. ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా క్లచ్ పెడల్‌ను పూర్తిగా నొక్కిపట్టి, కొన్ని సెకన్లు ఆగి, సింక్రో లేని రివర్స్ గేరు వేయాలి. క్లచ్ సరిగా విడిస్తే ఆపాటికి లోపలి చక్రాలు ఆగిపోయి గేరు నిశ్శబ్దంగా పడుతుంది. అప్పటికీ కరకరమంటే క్లచ్ విడవడం లేదని అర్థం. ఎంజీబీలో క్లచ్ ద్రవపీడనంతో పనిచేస్తుంది. ద్రవం తగ్గినా, గొట్టంలో గాలి చేరినా, రబ్బరు సీళ్లు పాడైనా, పెడల్‌ను సిలిండరుతో కలిపే చిన్న పిన్ను అరిగినా ఈ లోపం వస్తుంది. వీటన్నింటినీ ఇంజన్ దించకుండానే సరిచేయవచ్చు.

పైన చెప్పుకొన్న గృహస్థు ఈ పరీక్ష చేసి, పిన్ను అరిగిపోయినట్లు గుర్తించి, దానిని మార్చాడనుకుందాం. గేర్లన్నీ చక్కగా పడసాగాయి. స్వల్ప వ్యయంతో గండం గడిచిందని సంతోషించడం సహజం. కాని కరకర పోయినా గురగుర పోలేదు. చిన్న లోపం ఇంతవరకు పెద్ద లోపాన్ని కప్పిపుచ్చింది. ఇక్కడ పరీక్ష ఆపివేస్తే సగం రోగానికే వైద్యం జరిగినట్లు అవుతుంది.

ఇప్పుడు శబ్దం ఎప్పుడు వస్తున్నదో, ఎప్పుడు ఆగుతున్నదో గమనించాలి. పెడల్ నొక్కినప్పుడు మాత్రమే వస్తే క్లచ్‌ను విడిపించే బేరింగు అరిగిందని భావించవచ్చు. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, నొక్కగానే ఆగితే గేర్ బాక్స్ లోపలి బేరింగులు అనుమానాస్పదం. ఒక్క రెండవ గేరు మాత్రమే కరకరమంటే దాని సింక్రో రింగు అరిగి ఉండవచ్చు. వేసిన గేరు జారిపోతుంటే గేరును పట్టి ఉంచే పళ్ల అంచులు, స్ప్రింగులు, గేరును జరిపే ఫోర్కులు పరిశీలించాలి. మొదటి మూడు గేర్లలో గురగుర వినిపించి, నాలుగవ గేరులో దాదాపు మాయమైతే లోపం లే షాఫ్ట్‌లో ఉన్నదని ఊహించవచ్చు. మొదటి మూడు గేర్లలో శక్తి ఆ షాఫ్ట్‌పై తిరిగే చక్రాల మీదుగా పోతుంది. నాలుగవ గేరులో శక్తి నేరుగా సాగుతుంది కాబట్టి వాటిపై భారం ఉండదు. భారం లేనిచోట బాధ కూడా తగ్గుతుంది. ఆ గృహస్థు కారులో జరిగినది ఇదే.

దీనికి సాక్ష్యం నూనెలో దొరుకుతుంది. గేర్ బాక్స్ నూనెను శుభ్రమైన పళ్లెంలోకి దించి వెలుతురులో చూడాలి. బంగారు రంగు సన్నని పొడి సింక్రో రింగుల సాధారణ అరుగుదలను తెలుపుతుంది. అయస్కాంతానికి అంటుకొనే ఉక్కు పెచ్చులు కనిపిస్తే బండిని ఇక నడపరాదు. తొలినాటి ఎంజీబీలో నూనె మట్టం చూసే పుల్ల తివాచీ కింద రబ్బరు బిరడా చాటున ఉంటుంది. కంటికి కనిపించనిది శ్రద్ధకు కూడా దూరమవుతుంది; నూనె తగ్గిన సంగతి ఎవరికీ తెలియక ఎన్నో గేర్ బాక్సులు పాడయ్యాయి. ఆ గేర్ బాక్సులో పోయవలసినది ఇంజన్ ఆయిలేనని తయారీదారులు సూచించారు. మేలు చేస్తుందనుకొని గాఢమైన గేర్ ఆయిల్ పోస్తే, కొన్ని రకాల ఆయిళ్లలోని గంధక రసాయనాలు రాగి మిశ్రమ భాగాలను దెబ్బతీయగలవు.

లోపం నిర్ధారణ అయిన తరువాత చికిత్స మొదలవుతుంది. ఎంజీబీలో గేర్ బాక్స్‌ను మాత్రమే కింది నుంచి దించడం కుదరదు. సాధారణంగా ఇంజన్‌ను, గేర్ బాక్స్‌ను కలిపి చైన్ పుల్లీతో పైకి ఎత్తి తీస్తారు. ఇది ఒంటరిగా చేయదగిన పని కాదు. కేవలం జాకీపై నిలిపిన బండి కింద దూరడం ప్రాణాంతకం. బలమైన ఇనుప స్టాండ్లు తప్పనిసరి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. అలవాటు లేనివారు ఈ పనిని అనుభవజ్ఞునికి అప్పగించడమే వివేకం.

పెట్టె విప్పిన తరువాత కావలసినది శుభ్రత, ఓర్పు. తీసిన ప్రతి భాగాన్నీ తీసిన వరుసలోనే పేర్చాలి. సింక్రో రింగును దాని శంకువుపై ఒత్తి, మిగిలిన సందును ఫీలర్ గేజితో కొలవాలి. సందు తగ్గిందంటే రింగు అరిగిందన్నమాట. లే షాఫ్ట్‌పై సన్నని సూదుల వంటి రోలర్లు తిరుగుతాయి. అవి తిరిగేచోట షాఫ్ట్‌పై గుంటలు పడితే షాఫ్ట్‌నూ రోలర్లనూ కలిపి మార్చాలి. కొత్త రోలర్లను గ్రీజుతో అంటించి, ఒక తాత్కాలిక కడ్డీతో నిలిపి, అసలు షాఫ్ట్‌ను మెల్లగా తోస్తారు. ఒక్క రోలరు జారినా పని మొదటికి వస్తుంది. ఇక్కడ సుత్తికి పని తక్కువ, చేతివేళ్లకు పని ఎక్కువ.

సకాలంలో బండిని ఆపినందువల్ల ఆ గృహస్థు షాఫ్ట్, రోలర్లు, రింగులు, సీళ్లు మాత్రమే కొనవలసి వచ్చిందనుకుందాం. మరికొంత కాలం నడిపి ఉంటే కుదురు తప్పిన చక్రాల పళ్లు విరిగి, పెట్టె గోడనే పగులగొట్టేవి. అప్పుడు దొరికేది మరొక పాత గేర్ బాక్స్ మాత్రమే. అబింగ్డన్ కర్మాగారం 1980లోనే మూతపడింది. మిగిలిన పాత గేర్ బాక్సులు అంతులేనివి కావు. చేజేతులా పగిలిన ప్రతి ఒక్కటీ ఆ లెక్కలో నుంచి శాశ్వతంగా తొలగిపోతుంది.

బాగుపడిన గేర్ బాక్స్ ఎంతకాలం మన్నుతుందనేది నడిపేవారి చేతిలో ఉంటుంది. గేరు లివరుపై ఎల్లవేళలా చేయి వేసి ఉంచరాదు. ఆ బరువు లోపలి ఫోర్కులను అరగదీస్తుంది. పై గేరు నుంచి కింది గేరుకు మారేటప్పుడు తొందర పనికిరాదు. డబుల్ క్లచ్ అలవాటు చేసుకొంటే సింక్రో రింగులపై భారం తగ్గుతుంది. బండి పూర్తిగా ఆగిన తరువాతనే రివర్స్ వేయాలి. గేరు పడనప్పుడు బలంగా తోయడానికి బదులు ఒక్క క్షణం ఆగి, అది ఎందుకు పడలేదో ఆలోచించాలి. తండ్రి కాలం నాటి ఆ కారు కుమారుని చేతిలో మళ్లీ రోడ్డెక్కడానికి కారణమైనది అలా ఆగి ఆలోచించడమే.