విశ్రాంతి దినం ఎవరితో? – ఉద్యోగ భారం, కుటుంబం, ఆదివారం

ఉపోద్ఘాతం

లక్డీకాపూల్ నుండి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేటకు దూరం ఐదు కిలోమీటర్ల లోపే. అయినా నగరంలోని దాదాపు అన్ని రకాల ఉద్యోగాలు ఈ దారిలో కనిపిస్తాయి. లక్డీకాపూల్ దగ్గర ప్రభుత్వ కార్యాలయాలు, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. ఆ తర్వాత బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, హోటళ్లు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు, వాటిని ఆనుకొని హాస్టళ్లు. 2018 సెప్టెంబరులో ఈ దారిన మెట్రో రైలు మొదలైంది. 2019 నుండి అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీకి వెళ్లే ఉద్యోగులు కూడా ఈ జనసందోహంలో చేరారు.

ఇలాంటి ప్రాంతంలో సేవ చేసే సంఘకాపరులు తరచుగా వినే మాట ఒకటుంది: "ఇంట్లో వాళ్లతో గడపడానికి తీరిక దొరకడం లేదు పాస్టర్‌గారూ." దీనికి మనం సాధారణంగా ఇచ్చే సలహా సమయపాలన గురించి ఉంటుంది. పనికి ఇన్ని గంటలు, ప్రార్థనకు ఇన్ని, కుటుంబానికి ఇన్ని అని పంచుకోమంటాం. ఈ సలహా తప్పు కాదు గాని, అసలు సమస్యను అది తాకదు. భర్తకు ఆదివారం సెలవు, నర్సుగా పనిచేసే భార్యకు ఈ వారం బుధవారం, వచ్చే వారం శుక్రవారం సెలవు అయినప్పుడు, ఇద్దరికీ సెలవు ఉంది గాని కలిసి గడపడానికి రోజు లేదు. విశ్రాంతి ఎన్ని గంటలు అన్నది ఒక ప్రశ్న; ఆ విశ్రాంతి ఎవరితో అన్నది మరొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నను లేఖనాల వెలుగులోనూ చరిత్ర వెలుగులోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. మోషే గుడారం (నిర్గమ 18)

నిర్గమకాండము 18వ అధ్యాయాన్ని మనం సాధారణంగా నాయకత్వ పాఠంగా బోధిస్తాం. యిత్రో సలహా, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులు, పని పంపకం – ఇవే మన అంశాలు. అయితే ఈ అధ్యాయం ఎలా మొదలవుతుందో గమనించాలి. యిత్రో ఒంటరిగా రాలేదు. అంతకుముందు పంపివేయబడిన సిప్పోరాను, ఆమె ఇద్దరు కుమారులైన గెర్షోము, ఎలీయెజెరులను వెంటబెట్టుకొని అరణ్యంలో మోషే దిగిన చోటికి వచ్చాడు (18:2–6). మోషే మామకు ఎదురువెళ్లి, నమస్కరించి, ముద్దుపెట్టుకొని, గుడారంలోకి తీసుకువెళ్లాడు. భార్యాబిడ్డలతో అతడు ఏమి మాట్లాడాడో వాక్యం చెప్పదు. ఆ తర్వాత ఈ అధ్యాయంలో వారి ప్రస్తావనే లేదు. మరునాడు మోషే ఉదయం మొదలుకొని సాయంకాలం వరకు న్యాయం తీర్చుటకు కూర్చున్నాడు (18:13).

వాక్యం మోషేను నిందించడం లేదు. మనమూ నిందించకూడదు. కాని ఈ రెండు సంగతులు పక్కపక్కన ఉండటం ఆలోచించదగినది. యిత్రో కేవలం పాలనా నిపుణుడు కాదు. ఆ పిల్లల తాత కూడా. అల్లుని పగలంతా ఎక్కడ గడిచిపోతున్నదో అతడు కన్నులారా చూశాడు.

యిత్రో హెచ్చరికలో వాడిన హెబ్రీ క్రియ 'నాబల్' (18:18). ఆకు వాడిపోవడానికి, పువ్వు ఎండిపోవడానికి వాడే మాట ఇది (కీర్తన 1:3, యెషయా 40:7). వాడిపోయేది మోషే మాత్రమే కాదు, అతనితో ఉన్న ప్రజలు కూడా అని యిత్రో అంటాడు. ఒకని పనిభారం అతని చుట్టూ ఉన్నవారిని కూడా వాడిపోయేలా చేస్తుంది. సలహా పాటిస్తే కలిగే ఫలితం కూడా ఇద్దరికీ చెందుతుంది: మోషే నిలువగలడు, ప్రజలు సమాధానంతో తమ తమ చోట్లకు వెళ్లగలరు (18:23).

2. ఊపిరి పీల్చుకొనుట

విశ్రాంతి దినాన్ని గూర్చిన ఆజ్ఞకు రెండు చోట్ల రెండు కారణాలు ఇవ్వబడ్డాయి. నిర్గమ 20లో కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండము 5లో కారణం ఐగుప్తు దాస్యం నుండి విడుదల. రెండవ చోట ఒక చిన్న మాట అదనంగా ఉంది: దాసుడును దాసియు 'నీవలె' విశ్రమించాలి (5:14). యజమాని విశ్రాంతికీ పనివాని విశ్రాంతికీ తేడా ఉండకూడదు.

నిర్గమ 23:12 మరింత ముందుకు వెళుతుంది. దాసి కుమారుడును, పరదేశియు సేదదీరాలని అక్కడ ఉంది. ఇక్కడి క్రియ 'నఫష్'. ఊపిరి తీసుకోవడం, ప్రాణం లేచిరావడం దాని భావం. పాత నిబంధనలో ఈ క్రియ మూడు చోట్ల మాత్రమే వస్తుంది. రెండవ చోట, ఏడవ దినమున దేవుడు విశ్రమించుటను గూర్చి అదే మాట వాడబడింది (నిర్గమ 31:17). మూడవ చోట, అబ్షాలోము వలన పారిపోతున్న దావీదు, అతనితో ఉన్న జనులందరు అలసి, ఒక చోట సేదదీరారు (2 సమూ 16:14). దేవునికి వాడిన మాటనే దాసి కుమారునికి కూడా వాడటం ఈ ధర్మశాస్త్రపు గొప్పతనం. నగరంలోని మన ఇళ్లకు అన్వయిస్తే, మనం ఆరాధనకు వెళ్లి వచ్చేసరికి వంట చేసి ఉంచే పనిమనిషికి ఆదివారం ఏమవుతున్నదన్న ప్రశ్న తప్పదు.

3. అందరికీ ఒకే రోజు ఎందుకు?

విశ్రాంతి లెక్క ప్రకారం దొరికితే చాలదని చూపే చారిత్రక ఉదాహరణ సోవియట్ రష్యాలో ఉంది. యంత్రాలు ఒక్కరోజు కూడా ఆగకూడదని అక్కడి ప్రభుత్వం 1929లో ఐదు రోజుల వారాన్ని ప్రవేశపెట్టింది. కార్మికులను ఐదు గుంపులు చేసి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క రంగు కేటాయించి, ఒక్కొక్క రోజు సెలవు ఇచ్చింది. ఏడు రోజులకు బదులు ఐదు రోజులకే సెలవు వచ్చింది గనుక లెక్క ప్రకారం విశ్రాంతి పెరిగింది. కాని భర్త ఒక రంగు, భార్య మరో రంగు. సెలవు రోజున ఇంట్లో ఎవరూ లేకపోతే అది ఏమి సెలవు అని కార్మికులు ఫిర్యాదు చేశారు. 1931లో అందరికీ ఒకే సెలవు ఉండేలా ఆరు రోజుల వారం తెచ్చారు. 1940లో ఏడు రోజుల వారం, ఆదివారపు సెలవు తిరిగి వచ్చాయి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ సంగతిని ముందే గుర్తించింది. 1921లో అది చేసిన వారాంతపు విశ్రాంతి ఒడంబడిక, ఏడు రోజులలో 24 గంటలు వరుసగా విశ్రాంతి ఇవ్వాలని చెప్పి ఊరుకోలేదు. సాధ్యమైనంతవరకు ఆ విశ్రాంతి సంస్థలో అందరికీ ఒకేసారి ఉండాలనీ, ఆ దేశపు లేదా ప్రాంతపు ఆచారంలో ఉన్న రోజుతో కలవాలనీ చెప్పింది. భారతదేశం 1923లో ఈ ఒడంబడికను ఆమోదించింది.

ఆ రోజు ఆదివారమే కావాలన్న నియమం మాత్రం లేదు. నిజాం పాలనలో ఇదే హైదరాబాదులో ప్రభుత్వ కార్యాలయాలకు శుక్రవారం సెలవు ఉండేది. మన దేశంలో మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు దొరికింది కూడా సంఘాల కృషి వలన కాదు. జ్యోతిరావు ఫూలే సహచరుడైన నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు ఏళ్ల తరబడి పోరాడి 1890 జూన్‌లో దానిని సాధించుకున్నారు. ఆదివారం ఉదయం మన ఆరాధన మందిరం నిండుతున్నదంటే, ఆ కార్మికులకు కూడా మనం కొంత ఋణపడి ఉన్నాం.

4. నేటి పరిస్థితి

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1948 నాటి కర్మాగారాల చట్టం వారానికి 48 గంటల పరిమితినీ ఒక సెలవునూ స్థిరపరచింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 1985లో ఐదు రోజుల పనివారం వచ్చింది. బ్యాంకులకు 2015 నుండి రెండవ, నాల్గవ శనివారాలు సెలవు. మరోవైపు, దుకాణాలు రోజంతా తెరచి ఉంచుకొనుటకు తెలంగాణ ప్రభుత్వం 2023లో అనుమతించింది. వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవడానికి 2025 జూలైలో అనుమతి ఇచ్చి, వారానికి 48 గంటల పరిమితిని మాత్రం అలాగే ఉంచింది. అంటే చట్టం విశ్రాంతి గంటలను కాపాడుతున్నది. ఇంటివారందరూ కలిసే రోజును కాపాడటం లేదు.

గంటలు కూడా అందరికీ దక్కడం లేదు. వారానికి 70 గంటలు పని చేయాలని 2023లో ఒక ప్రముఖ పారిశ్రామికవేత్త, ఆదివారాలు కూడా కలిపి 90 గంటలని 2025లో మరొకరు అన్న మాటలపై దేశమంతటా చర్చ జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం, గుండె జబ్బుతో మరణించే అవకాశం 17 శాతం ఎక్కువ. యిత్రో 'వాడిపోవుదువు' అన్నది అలంకారం మాత్రమే కాదు.

ఈ దారిలో ఆదివారం ఎవరికి ఎలా ఉందో చూద్దాం. కార్యాలయ ఉద్యోగికి సెలవు. ఆసుపత్రి నర్సుకు డ్యూటీ చార్టు ఎలా వేస్తే అలా. బట్టల దుకాణంలో నిలబడి పనిచేసే అమ్మాయికి ఆదివారమే అన్నిటికంటే రద్దీ రోజు. ఉద్యోగం చేస్తూ కోర్సు నేర్చుకునేవారికి శని, ఆదివారాలే క్లాసులు. హాస్టల్‌లో ఉండే యువకునికి తల్లిదండ్రులు ఖమ్మంలోనో, ఒంగోలులోనో ఉంటారు. అతనికి గది స్నేహితులే కుటుంబం. అతడు మందిరంలో వెనుక వరుసలో కూర్చొని, ఆరాధన ముగియగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతే, 'ఆత్మీయంగా చల్లబడ్డాడు' అనేముందు, ఆ మధ్యాహ్నం అతడు ఎవరితో కలిసి భోజనం చేశాడో అడగాలి.

5. సంఘమే భారమైతే

ఇక్కడ సేవకులమైన మనలను మనం పరీక్షించుకోవాలి. ఉదయం ఆరాధన, సండేస్కూలు, మధ్యాహ్నం యౌవనస్థుల కూటం, సాయంత్రం పాటల అభ్యాసం, రాత్రి గృహకూటం – ఇవన్నీ మంచివే. కాని వారమంతా విడివిడిగా తిరిగిన కుటుంబాన్ని ఆదివారం మనమే వయసును బట్టి విడదీసి, చీకటి పడ్డాక ఇంటికి పంపుతున్నాం. ఎక్కువ కూటాలకు వచ్చేవారే ఎక్కువ భక్తిగలవారన్న అభిప్రాయాన్ని కూడా కలిగిస్తున్నాం. విశ్రాంతి దినము మనుష్యుల కొరకే నియమింపబడినదని ప్రభువు చెప్పిన మాట (మార్కు 2:27) పరిసయ్యులకు మాత్రమే వర్తించదు.

ఆరాధన వేళను మార్చితే విశ్వాసం తగ్గుతుందన్న భయం అవసరం లేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో ఆదివారపు సెలవును శాసించాడు. అప్పుడు కూడా రైతులకు మినహాయింపు ఉంది. అంతకుముందు దాదాపు మూడు శతాబ్దాలు సంఘం సెలవు లేని ఆదివారాలలోనే ఆరాధించింది. త్రోయలో విశ్వాసులు రొట్టె విరుచుటకు కూడుకొన్నప్పుడు పౌలు ప్రసంగం అర్ధరాత్రి వరకు సాగింది (అపొ.కా. 20:7). దాదాపు 112లో బితూనియ పాలకుడైన ప్లినీ చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినమున తెల్లవారకముందే కూడుకొంటారనీ, మళ్లీ భోజనానికి కలుసుకుంటారనీ ఉంది. వారు తమ పని వేళలను బట్టి కూడుకొన్నారు. ప్లినీ ఆజ్ఞ తర్వాత మాత్రం ఆ భోజనాన్ని మానుకొన్నారని కూడా ఆ లేఖలోనే ఉంది.

ఈ వెలుగులో మేము కొన్ని సూచనలు చేస్తున్నాం. మొదటిది, కుటుంబ సందర్శనకు వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరికి ఏ రోజు సెలవో అడిగి తెలుసుకోవాలి. భార్యాభర్తలకు నెలలో ఒక్క రోజే కలిసి దొరికితే, ఆ రోజున కూటానికి రాలేదని వారిని నొప్పించకూడదు. రెండవది, డ్యూటీకి వెళ్లేవారి కోసం ఆదివారం వేకువన గాని, వారం మధ్యలో ఒక సాయంత్రం గాని పూర్తి ఆరాధన ఉండాలి. దానిని రెండవ తరగతి ఆరాధనగా చూడకూడదు. మూడవది, కనీసం నెలకు రెండు ఆదివారాలు మధ్యాహ్నం తర్వాత ఏ కార్యక్రమమూ పెట్టకూడదు. ఆ రోజుల్లో సంఘపు వాట్సాప్ గ్రూపు కూడా మౌనంగా ఉంటే మంచిది. నాల్గవది, ఇల్లు ఉన్న ప్రతి కుటుంబం హాస్టల్‌లో ఉండే ఒకరిద్దరిని నెలకొకసారి భోజనానికి పిలవాలి. శ్రమల వారంలో ప్రభువు పగలు యెరూషలేములో గడిపి, సాయంకాలం బేతనియకు వెళ్లి బస చేశాడు (మత్తయి 21:17, మార్కు 11:11). తాను ప్రేమించిన మార్త, మరియ, లాజరుల ఊరు అది.

చివరిది సంఘకాపరి గురించి. ఆదివారం అతనికి పని దినం. వారంలో మరొక రోజు అతనికి సెలవు ఉండాలి. అది పిల్లలు బడికి, భార్య ఉద్యోగానికి వెళ్లే సోమవారమైతే చాలదు. శనివారం మధ్యాహ్నం నుండి రాత్రి వరకైనా పాస్టర్‌గారిని అత్యవసరమైతే తప్ప పిలవకూడదని సంఘ పెద్దలు తీర్మానించాలి. తన బిడ్డలకు సమయం లేని కాపరి, ఇతరులకు విశ్రాంతిని బోధించలేడు.

ముగింపు

ఉద్యోగాన్నీ ఇంటినీ త్రాసులో సమంగా తూచడం చాలామందికి సాధ్యం కాదు. డ్యూటీ చార్టు వారి చేతిలో లేదు. దానిని మార్చే శక్తి సంఘానికీ లేకపోవచ్చు. కాని సంఘపు కార్యక్రమాల పట్టిక మన చేతిలోనే ఉంది. రాబోయే పెద్దల సమావేశంలో ఆ పట్టికను ముందుంచుకొని, ఒక్కొక్క వరుస దగ్గర ఆగి, 'ఇది ఇంటివారిని కలుపుతున్నదా, విడదీస్తున్నదా?' అని అడగమని తోటి సేవకులను కోరుతున్నాం. యిత్రో వచ్చిన మరునాటి సాయంకాలం వరకు మోషే గుడారంలో ఎదురుచూసినవారు ఉన్నారు. మన సంఘాలలోని ఇళ్లలోనూ ఉన్నారు.