సగం మూసిన అద్దం

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా అక్క కూతురు చిట్టి నాతో పాటు టీవీ చూస్తోంది. ఐదేళ్ళ పిల్ల. కార్టూన్‌లో ఒంటికన్ను దొంగని చూసి, తనూ అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని "నేనూ దొంగనే" అంది. రెండు సెకన్లాగి, "మామయ్యా, టీవీ ఎవరు పాడుచేశారు?" అనడిగింది.

టీవీకి ఏమీ కాలేదు. చెయ్యి తీస్తే బాగుంది. కుడి కన్ను మూస్తే బాగుంది. ఎడమ కన్ను మూస్తే మాత్రం పాడైపోతోంది. నాలుగైదు సార్లు ఆటలా చేయించి చూశాను, ప్రతిసారీ అంతే. పండగ వెళ్ళగానే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. కంట్లో చుక్కలు వేసి చూస్తే ఎడమ కన్ను ప్లస్ ఒకటి, కుడి కన్ను ప్లస్ నాలుగున్నర. అద్దం పెట్టి చదివించినా కుడి కన్ను 6/36 దాటలేదు. అంటే మామూలు కన్ను 36 మీటర్ల దూరం నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని తను 6 మీటర్లకి వస్తే గానీ గుర్తుపట్టలేదు. "కంట్లో జబ్బేం లేదమ్మా, మెదడు ఆ కంటిని వాడటం మానేసింది" అన్నారట డాక్టర్ గారు. దీన్నే మందదృష్టి అంటారు, వాడుకలో లేజీ ఐ. ముందు మూడు నెలలు అద్దాలు, ఆ తర్వాత బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ అని చెప్పి పంపారు.

ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది. "మెల్లకన్నైతే అదృష్టం అనుకునేవాళ్ళం, ఇదేం జబ్బురా, బాగున్న కన్ను మూసెయ్యమంటారు?" అని నాయనమ్మ. బావకి ఆఫీసులో ఎవరో ఒక పీడీఎఫ్ పంపారు: సహజ దృష్టి శిక్షణ. అందులో అద్దాలు అక్కర్లేదు, కన్ను పూర్తిగా మూయక్కర్లేదు. పాత కళ్ళజోడుకి మసక టేపు సగం అంటించడం, లేదా రెండు కళ్ళ మధ్య ముక్కు మీద నల్ల కాగితం ముక్క పెట్టుకుని పక్కల చేతులు ఊపుతూ ఎదురుగా చూడటం, రోజూ 20 నిమిషాలు. "డాక్టర్ ప్యాచూ మూసేదే, ఇదీ మూసేదే. ఇది సగమే మూస్తుంది, పిల్లకి సుఖం. ఇది చేస్తే పోలా?" అన్నాడు బావ.

న్యాయమైన ప్రశ్నే. పైగా కొట్టిపారేసే హక్కు నాకు లేదు, ఎందుకంటే సెకండియర్‌లో ఆ కాగితం ముక్క నేనూ పెట్టుకున్నాను.

నాకు మైనస్ మూడు. హాస్టల్ టెర్రస్ మీద మూడు వారాలు అద్దాలు తీసేసి, ముక్కు మీద కాగితంతో చేతులు ఊపాను (కింద ఫ్లోర్ వాళ్ళు నేను విమానాలకి సిగ్నల్ ఇస్తున్నాననుకున్నారు). మూడో వారానికి నిజంగానే మెస్ బోర్డు మీద మెనూ కాస్త చదవగలిగాను. ఎగిరి గంతేసి కళ్ళద్దాల షాపుకెళితే పవర్ అదే మైనస్ మూడు, పావు పాయింటు కూడా తగ్గలేదు. అప్పుడు ఒళ్ళు మండింది గానీ, ఆ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చిట్టి పుణ్యమా అని ఇప్పుడు అర్థమైంది.

ఈ శిక్షణలకి మూలపురుషుడు విలియం బేట్స్ అనే న్యూయార్క్ కంటి డాక్టరు. 1920లో ఆయన రాసిన పుస్తకం ప్రకారం, దగ్గరకీ దూరానికీ ఫోకస్ మార్చేది కంటిలోపలి కటకం కాదు, కనుగుడ్డు చుట్టూ ఉండే కండరాలు గుడ్డునే నొక్కి సాగదీస్తాయి. కాబట్టి ఒత్తిడి తగ్గిస్తే సైటు పోతుందని ఆయన సిద్ధాంతం. అది తప్పని అప్పటికే తెలుసు. ఫోకస్ మార్చేది లోపలి సిలియరీ కండరం, అది కటకం ఆకారాన్ని మారుస్తుంది. నాలాంటి వాళ్ళ సైటు అయితే ఎక్కువగా గుడ్డు పొడవు సమస్య. పెద్దవాళ్ళ కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లుంటుంది. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే సుమారు రెండున్నర, మూడు పాయింట్ల మైనస్. చేతులు ఊపితే ఆ మిల్లీమీటరు వెనక్కి రాదు. బేట్స్ పద్ధతుల్లో అరచేతులతో కళ్ళు మూసుకునే పామింగ్ హాయిగానే ఉంటుంది, తప్పులేదు. సూర్యుడి వైపు చూడమనేది మాత్రం పొరపాటున కూడా చెయ్యకండి, రెటీనా కాలిపోతే తిరిగి రాదు.

మరి నాకు మెనూ ఎలా కనిపించింది? మసకకి మెదడు అలవాటు పడుతుంది. కొన్నాళ్ళు అద్దాల్లేకుండా తిరిగితే, వచ్చే బొమ్మ అంతే మసకగా ఉన్నా, అందులోంచి అక్షరాన్ని ఊహించే పని మెదడు ఇంకా బాగా చేస్తుంది. కెమెరా మారలేదు, ప్రాసెసింగ్ మారింది. ఇదే పాయింట్ చిట్టి విషయంలో తిరగబడి పనిచేస్తోంది.

రెండు కళ్ళూ ఫోకస్ చేసే ప్రయత్నం ఒకేలా జరుగుతుంది, ఒక కంటికి ఎక్కువ, ఒక కంటికి తక్కువ అని మనం పంచలేం. చిట్టి ఎడమ కంటికి కాస్త శ్రమ చాలు, బొమ్మ స్పష్టం. అక్కడితో ఆగిపోతుంది. కుడి కంటికి అదే శ్రమ చాలదు, ఇంకా మూడున్నర పాయింట్లు బాకీ. పుట్టినప్పటి నుంచి ఆ కన్ను పంపింది మసక బొమ్మే. మన ఈసీఈ వాళ్ళకైతే ఇలా చెప్తా: రెండు మైకుల్లో ఒకటి ఎప్పుడూ నాయిస్ పంపుతుంటే అడాప్టివ్ ఫిల్టర్ దాని వెయిట్‌ని సున్నా వైపు తోసేస్తుంది. తర్వాత మైకు బాగుచేసినా వెంటనే లాభం లేదు, వెయిట్ మళ్ళీ పెరగాలి. హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు 1960ల్లో పిల్లి కూనల మీద చూపించింది ఇదే. పసితనంలో ఒక కంటి రెప్ప కొన్ని నెలలు కుట్టేసి తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉంది, కానీ మెదడులో ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు మిగల్లేదు. పెద్ద పిల్లికి అదే చేస్తే ఏమీ కాలేదు. చూపు నేర్చుకోవడానికి ఒక వయసుందన్నమాట. ఆ పనికి వాళ్ళకి 1981లో నోబెల్ వచ్చింది.

ప్యాచ్ చేసేది ఆ వెయిట్‌ని పెంచడమే. కంటికి ఎక్సర్‌సైజ్ కాదది. బాగున్న కంటి నుంచి సిగ్నల్ ఆపేస్తే మెదడుకి రెండో కంటి మాట వినక తప్పదు. ఇదేం కొత్త ఉపాయం కాదు, 1743లోనే ఫ్రాన్స్‌లో బఫన్ అనే ఆయన బాగున్న కన్ను మూయమని రాశాడు. కొత్తగా తేలింది ఎంతసేపు మూయాలన్నది. 2003లో అమెరికాలో పిల్లల కంటి డాక్టర్ల బృందం ఏడేళ్ళలోపు పిల్లల్ని రెండు జట్లు చేసి ఒకరికి రోజుకి 2 గంటలు, ఇంకొకరికి 6 గంటలు ప్యాచ్ వేయించింది. మధ్యస్థంగా ఉన్న మందదృష్టికి నాలుగు నెలల తర్వాత రెండు జట్లలో మెరుగుదల ఒక్కటే. రోజంతా మూసేస్తేనే తగ్గుతుందనే భయం అక్కర్లేదు. అతిగా మూస్తే బాగున్న కన్నే వెనకబడే ప్రమాదం కూడా ఉంది, అందుకే మధ్యమధ్యలో రెండు కళ్ళూ పరీక్షిస్తారు.

ఇప్పుడు బావ అడిగిన సగం ప్యాచ్ సంగతి. అసలు సగం ప్యాచ్ అనేదే బూటకం అనుకున్నాను మొదట. కాదు. బ్యాంగర్టర్ ఫిల్టర్ అని ఒక పల్చని పొర ఉంటుంది, బాగున్న కంటి అద్దానికి అంటిస్తారు. చూపుని పూర్తిగా ఆపదు, లెక్క ప్రకారం మసక చేస్తుంది. రెండు కళ్ళూ తెరిచే ఉంటాయి, బయటికి పెద్దగా కనపడదు, బడిలో పిల్లలు ఏడిపించరు. 2010లో దీన్ని రోజూ 2 గంటల ప్యాచ్‌తో పోల్చి చూస్తే ప్యాచ్ కొద్దిగా ముందుంది గానీ తేడా చాలా చిన్నది. ఒకటి రెండుగా కనిపించే పెద్దవాళ్ళకైతే అద్దం మధ్యలో చిన్న గుండ్రటి మసక టేపు వేసి చుట్టుపక్కల చూపు వదిలేస్తారు. ముక్కు వైపు సగాలకి టేపు వేసే పద్ధతి కూడా కొందరు ఆప్టోమెట్రిస్టులు వాడతారు, దానికి రుజువులు మాత్రం పల్చగా ఉన్నాయి.

పెద్దయ్యాక శిక్షణ పూర్తిగా వృథా అని కూడా అనలేం. సూసన్ బ్యారీ అనే న్యూరోబయాలజిస్టుకి చిన్నప్పటి నుంచి మెల్లకన్ను. 48వ ఏట విజన్ థెరపీ తర్వాత మొదటిసారి లోతు కనిపించిందని పుస్తకమే రాశారు. ఆవిడ సమస్య రెండు కళ్ళనీ కలపడం, మసక కాదు. ఆ తేడా పీడీఎఫ్‌లు చెప్పవు.

చిట్టికి ఆ పీడీఎఫ్ పద్ధతి ఎందుకు పనికిరాదో బావకి కాగితం మీద గీసి చూపించాను. అద్దాలు తీసేస్తే ఎడమ కన్ను మళ్ళీ తనకి చాలినంత ఫోకస్ చేసుకుంటుంది, కుడి కంటికి పాత మసకే. టేపు సగం వేస్తే పిల్ల తల కాస్త తిప్పి ఖాళీ సగంలోంచి ఎడమ కంటితోనే చూస్తుంది, ఐదేళ్ళ పిల్లకి ఆ తెలివి ఎవరూ నేర్పక్కర్లేదు. ముక్కు మీద కాగితం రెండు కళ్ళకీ సమానంగా అడ్డం, ఏ కంటికీ ఎక్కువ అవకాశం ఇవ్వదు. ఫిల్టర్ అయినా ఎడమ చూపు కుడి కన్నా తక్కువయ్యేంత మసక చెయ్యాలి, 6/36 ఉన్నప్పుడు అది తేలిక కాదు. బావ చాలాసేపు ఆ బొమ్మనే చూసి, "మరి అద్దాలు రోజంతా పెట్టించాలా?" అన్నాడు. నిద్రపోయేదాకా అన్నాను.

ఉగాదికి చెకప్‌కి వెళితే అద్దాలతోనే 6/36 కాస్తా 6/18 అయ్యింది. ఒట్టి అద్దాలకే ఇంత వస్తుందని మేమెవరం అనుకోలేదు. ఆ రోజు నుంచి ప్యాచ్, 2 గంటలు. మొదటి వారం ఇల్లు యుద్ధభూమి. పీకేసేది, ఏడ్చేది, గోడకి తగులుకునేది. అక్క ఫోన్ చేసి తనూ ఏడ్చింది. తర్వాత అక్కే ఉపాయం కనిపెట్టింది: ప్యాచ్ మీద రోజుకో బొమ్మ చిట్టే వేసుకోవాలి, ఆ 2 గంటలూ పూసలు గుచ్చడం, రంగులు వెయ్యడం లాంటి దగ్గర పనులే. నాయనమ్మ పప్పులో రాళ్ళేరే పని అప్పజెప్పింది, ఫీజు ఒక బెల్లం ముక్క.

దసరాకి కుడి కన్ను 6/9. ఇంకా కాస్త మిగిలింది, ప్యాచ్ ఆపాక జారిపోకుండా కొన్నాళ్ళు చూస్తామన్నారట. ఫ్రిజ్ మీద అక్క అంటించిన చార్టులో ప్యాచ్ వేసిన రోజులకి టిక్కులు, ఎగ్గొట్టిన రోజులకి సున్నాలు. సున్నాలు బాగానే ఉన్నాయి.

మీ ఇంట్లో మూడేళ్ళు దాటిన పిల్లలుంటే ఈ సెలవుల్లో దొంగాట ఆడండి. ఒక కన్ను మూసి దూరంగా ఉన్న బొమ్మ అడగండి, తర్వాత రెండోది. ఒక కన్ను మూసినప్పుడే విసుక్కుని చెయ్యి లాగేస్తుంటే డాక్టర్‌కి చూపించండి. నేను మాత్రం మైనస్ మూడు అద్దాలు తుడుచుకుని మెస్ బోర్డు చదువుకుంటున్నాను. ఇవాళ కూడా పప్పుచారే.