గోలు కాచేవాడికి మెత్తల నిక్కరు

హాకీ జట్టులో పదకొండుమంది ఉంటారు గదా. అందులో పదిమంది వేషం ఒక తీరు, పదకొండోవాడి వేషం మరొక తీరు. పదిమందీ తేలికైన చొక్కాలూ, నిక్కర్లూ వేసుకుని లేళ్ళలాగా పరిగెత్తుతూ ఉంటారు. పదకొండోవాడు మటుకు తలకు తీగల ముసుగున్న హెల్మెట్టూ, ఛాతీకి కవచమూ, చేతులకు దిండ్లలాటి తొడుగులూ, కాళ్ళకు వెడల్పాటి ప్యాడ్లూ, బూట్లమీద కిక్కర్లూ తగిలించుకుని గోలుముందు ఏనుగుపిల్లలాగా నిలబడి ఉంటాడు. అతనే గోల్‌కీపరు.

అతను వేసుకున్నవాటిలో ఒకటి తరచు చూసేవాళ్ళ కంటపడదు. అది అతని నిక్కరుకింద ఉండే ఇంకొక నిక్కరు. దానికి తొడలమీదా, తుంటిమీదా, వెనకా మెత్తలు కుట్టి ఉంటాయి. కొందరు పైనే వేసుకునే రకం కూడా ఉన్నది. ఈ నెల మనం దాన్ని ఎట్లా ఎంచుకోవాలో చూద్దాం. మీలో ఎవరైనా బడి జట్టుకు గోలు కాస్తున్నట్టయితే ఇది శ్రద్ధగా చదవండి. కాయనివాళ్ళు కూడా చదవచ్చు. ఇందులో ఆటతోపాటు కాస్త భౌతికశాస్త్రం కూడా ఉన్నది.

ముందు బంతి సంగతి. హాకీ బంతి బరువు 156 గ్రాములకు తగ్గకూడదు, 163 గ్రాములకు మించకూడదు. ఇది దాదాపు క్రికెట్ బంతి బరువే. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో హాకీ ఇప్పటి రూపానికి వచ్చినప్పుడు క్రికెట్ బంతితోనే ఆడేవాళ్ళు. ఇప్పటి హాకీ బంతిని ప్లాస్టిక్కుతో చేస్తున్నారు. అది రాయిలాగా గట్టిగా ఉంటుంది.

పెద్ద ఆటగాళ్ళు పెనాల్టీ కార్నరులో ఈ బంతిని కర్రతో ఈడ్చి విసిరితే అది గంటకు 100 కిలోమీటర్లు మించిన వేగంతో వస్తుంది. గోలుముందు గీసే అర్ధచంద్రపు గీత గోలుకు 14.63 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ బయలుదేరిన బంతి సుమారు అర సెకండులో గోలు చేరుతుంది. ఆ అర సెకండులో గోల్‌కీపరు బంతిని చూడాలి, ఎటు వస్తున్నదో పోల్చుకోవాలి, అడ్డంగా కదలాలి. అతను కాచుకోవలసిన గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. ఆ వేగంతో వచ్చే బంతిలో ఎంత శక్తి ఉంటుందంటే, కిలో బరువున్న రాయిని ఆరు మీటర్ల ఎత్తునుంచి, అంటే సుమారు రెండంతస్తుల మేడమీదినుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఎంత ఉంటుందో అంత!

పూర్వం ఇన్ని కవచాలు లేవు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ పోటీలలో మన జట్టు 29 గోళ్ళు చేసి, తనమీద ఒక్క గోలయినా పడకుండా బంగారు పతకం తెచ్చుకున్నది. అప్పుడు గోలు కాచినవాడు రిచర్డ్ ఆలెన్. 1956లోనూ, 1964లోనూ మన జట్టు గెలిచినప్పుడు గోలు కాచినవాడు శంకర్ లక్ష్మణ్. ఆ కాలపు కీపర్లు ముఖానికి ముసుగయినా లేకుండా, కాళ్ళకు క్రికెట్ ప్యాడ్లవంటివి కట్టుకుని నిలబడేవాళ్ళు. వారి ధైర్యానికి నమస్కారం చెయ్యవలసిందే. కాని వారిలాగే ఆడతాననటం తెలివితక్కువ. ఎందుచేతనంటే, అప్పుడు పచ్చికమీద ఆడేవాళ్ళు. పచ్చికమీద బంతి వేగం తగ్గుతుంది. 1976లో మాంట్రియాల్ ఒలింపిక్ పోటీలలో మొదటిసారి కృత్రిమమైన పచ్చిక పరిచారు. ఆ నున్నని నేలమీద ఆట వేగం ఎంతో పెరిగిపోయింది. బంతిని ఈడ్చి విసిరే విద్యలో ఆరితేరినవాళ్ళు కూడా ఆ తరవాతనే వచ్చారు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉన్నది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పూర్తి కవచాలతో ఆడే గోల్‌కీపరుకు తలకు హెల్మెట్టూ, కాళ్ళకు ప్యాడ్లూ, పాదాలకు కిక్కర్లూ తప్పకుండా ఉండాలి. మెత్తల నిక్కరు మాట అందులో లేదు. తప్పనిసరి కాదు కనక చాలా బడులలో దాన్ని అసలు కొననే కొనరు. డబ్బు మిగిలితే చూద్దామంటారు. డబ్బు ఎప్పుడు మిగులుతుంది? పాపం, గోలు కాచే కుర్రవాడు తొడలు కమిలిపోయి ఇంటికి వస్తాడు. ఒకటి రెండుసార్లు అట్లా దెబ్బ తగిలాక, బంతి వస్తుంటే తనకు తెలియకుండానే పక్కకు తిరుగుతాడు. పక్కకు తిరిగిన కీపరు గోలు ఏం కాస్తాడు?

మెత్త చేసే పని ఏమిటో చూడండి. మీరు క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు కాస్త వెనక్కు లాగుతారు గదా. ఎందుకు? బంతి ఒక్కసారిగా ఆగితే చెయ్యి చురుక్కుమంటుంది. కొంతదూరం నడిచి ఆగితే అంత నొప్పి ఉండదు. బంతి ఒక సెంటీమీటరు దూరంలో ఆగటానికి బదులు మూడు సెంటీమీటర్ల దూరంలో ఆగితే దాని ఒత్తిడి సగటున మూడోవంతుకు తగ్గిపోతుంది. తొడను వెనక్కు లాక్కునే వ్యవధి కీపరుకు ఉండదు కనక, అతని బదులు మెత్త లోపలికి అణిగి బంతికి ఆ దూరం ఇస్తుంది.

అయితే బాగా మెత్తగా ఉండే స్పంజి పెట్టుకుంటే సరిపోతుందిగదా అని మీకు తోచవచ్చు. సరిపోదు. మెత్తని స్పంజి బంతి తగలగానే మొత్తం అణిగిపోతుంది. అది అణిగిపోయిన తరవాత బంతి వేగం ఇంకా చాలా మిగిలే ఉంటుంది. ఆ మిగిలినదంతా ఎముకమీద పడుతుంది. పోనీ చెక్కలాగా గట్టిగా ఉంటేనో? అప్పుడు అణగటమే ఉండదు, పైగా వంగటానికి వీలుండదు. అందుకని మంచి నిక్కరులో చర్మం వైపున మెత్తని ఫోమూ, బయటివైపున గట్టి ఫోమూ ఉంటాయి. గట్టిది దెబ్బను నాలుగువైపులా పరుస్తుంది, మెత్తది దాన్ని నెమ్మదిగా ఆపుతుంది. కావలిస్తే ఒక తలగడకింద చెయ్యి పెట్టి, తలగడమీదికి చిన్న గుండ్రాయిని జానెడు ఎత్తునుంచి వదలండి. తరవాత తలగడమీద ఒక గట్టి అట్ట పరిచి మళ్ళీ వదలండి. తేడా మీ చెయ్యే చెబుతుంది.

అంగడిలో దీన్ని పరీక్షించటానికి యంత్రమేమీ అక్కర్లేదు. మెత్తను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కండి. వేళ్ళు రెండూ దాదాపు కలుసుకుంటే అది పనికిరాదు. బాగా నొక్కితే కాస్త అణిగి, వదలగానే మళ్ళీ పైకి లేస్తే మంచిది.

ఇక మెత్తలు ఎక్కడెక్కడ ఉండాలి? దీనికి గోల్‌కీపరు నిలబడే తీరు చూడాలి. అతను మోకాళ్ళు వంచి, కొంచెం ముందుకు వంగి, బంతికి ఎదురుగా నిలబడతాడు. అప్పుడు రెండు తొడల ముందుభాగాలూ రెండు తలుపుల్లాగా బంతికి ఎదురుగా ఉంటాయి. అంచేత అక్కడి మెత్తలు అన్నిటికన్నా పెద్దవిగా ఉండాలి. తరవాత తుంటి పక్కలు. పెనాల్టీ కార్నరులో కీపరు ఒక్కొక్కప్పుడు గోలుకు అడ్డంగా, దుంగ పడినట్టు పక్కకు పడుకుంటాడు. అప్పుడు తుంటికి ఒక దెబ్బ బంతినుంచి, ఒక దెబ్బ నేలనుంచి. అందుచేత తుంటి ఎముకమీద మెత్త లేని నిక్కరు ఎంత అందంగా ఉన్నా కొనకండి. వెనక, వెన్నెముక చివర ఉండే తోకఎముకకు కూడా చిన్న మెత్త ఉండాలి.

క్రికెట్ ఆడే అన్న ఉన్న ఇంట్లో ఒక మాట వినపడుతుంది: “వాడి తొడ ప్యాడు ఉన్నదిగా, అది కట్టుకో.” రెండు బంతుల బరువూ ఒకటే అయినప్పుడు ఇది సబబుగానే కనిపిస్తుంది. కాని క్రికెట్‌లో బ్యాటు పట్టినవాడు బంతికి పక్కగా నిలబడతాడు. అతనికి ముఖ్యంగా కావలసింది ముందున్న కాలి తొడకు, అదీ బయటివైపున. హాకీ కీపరు ఎదురుగా నిలబడతాడు. అతనికి రెండు తొడలూ కావాలి, లోపలివైపు కూడా కావాలి. అదీగాక, పట్టీలతో కట్టిన ప్యాడు అతను పడి లేచేసరికి మోకాలిమీదికి జారుతుంది. ఏమీ లేనప్పుడు అది నయమే, కాని నిక్కరుకు సాటి కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి కొలత. మన ఇళ్ళలో పిల్లలకు బట్టలు కుట్టించేటప్పుడు అమ్మ గాని, బామ్మ గాని ఏమంటుంది? “పెరిగే పిల్లవాడు, కాస్త వదులుగా కుట్టు నాయనా, రెండేళ్ళు వస్తుంది” అంటుంది. చొక్కాకు ఈ మాట బంగారం. మెత్తల నిక్కరుకు మటుకు విషం. వదులు నిక్కరులో మెత్త ఉండవలసినచోట ఉండదు. తుంటిమీద ఉండవలసినది వెనక్కు పోతుంది, తొడ మధ్య ఉండవలసినది లోపలికి తిరుగుతుంది. బంతి సరిగా ఖాళీ చోటనే వచ్చి తగులుతుంది. మందమైన మెత్త పక్కకు జారటంకన్నా, కాస్త పల్చని మెత్త చోటు వదలకుండా ఉండటమే మేలు. మరీ బిగుతైతే కూడా కష్టమే. కాలు బారగా చాపలేడు.

అందుచేత కొలతటేపుతో నడుమూ, తుంటీ కొలిచి, అంగడివాడి పట్టికలో చూసి తీసుకోవాలి. వయసు చెప్పి కొనకూడదు. పన్నెండేళ్ళవాళ్ళు ఇద్దరు ఒకే తీరుగా ఉండరుగదా. తొడుక్కున్నాక అద్దంముందు నిలబడి చూసుకుంటే చాలదు. గోలు కాచేటట్టు వంగండి. ఒక కాలు పక్కకు బారగా చాపండి. మోకాళ్ళమీద కూచుని లేవండి. పదిసార్లు గెంతండి. అప్పుడు మెత్తలు ఎక్కడున్నాయో తడిమి చూసుకోండి. కాళ్ళ ప్యాడ్లు కూడా వెంట తీసుకుపోతే ఇంకా మంచిది. వంగినప్పుడు ప్యాడు పైఅంచుకూ, నిక్కరు కిందిఅంచుకూ మధ్య తొడ బయటపడుతున్నదేమో చూడాలి. బయటపడితే పొడుగు రకం తీసుకోండి. అట్లాగే వంగినప్పుడు నడుముదగ్గర ఛాతీకవచానికీ, నిక్కరుకూ సందు ఉండకూడదు. అంగడివాడు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి, బంతి తగిలేది అతనికి కాదు.

ఇంకొక మాట. ఈ నిక్కరు లోపల, కాళ్ళమధ్య పెట్టుకునే గట్టి గార్డు వేరే ఉంటుంది. నిక్కరు ఎంత మంచిదైనా ఆ గార్డుకు బదులు కాదు. గార్డు పెట్టుకునే నిక్కరు తొడిగి చూడాలి. ఆడపిల్లలకు వేరే ఆకారంలో గార్డులున్నాయి, వాళ్ళూ పెట్టుకుని తీరాలి. ఆడపిల్లలు గోలు కాయటమేమిటని ఎవరైనా అంటే, చిత్తూరు జిల్లాలో పుట్టి భారత మహిళల జట్టుకు గోలు కాచిన రజని పేరు చెప్పండి.

బాగా లావు మెత్తలు పెట్టి ఒళ్ళు పెంచితే గోలు సగం మూసుకుపోతుందిగదా అని కొందరు కొంటెవాళ్ళు ఆలోచిస్తారు. దీన్ని నిబంధనలు రాసినవాళ్ళు ముందే కనిపెట్టారు. కీపరు ఒంటి సహజమైన ఆకారాన్ని బాగా పెంచే దుస్తులూ, కవచాలూ వేసుకోరాదని నిబంధన ఉన్నది.

నిక్కరు ఉన్నా ఒక్కొక్కప్పుడు తొడకు గట్టి దెబ్బ తగలవచ్చు. కండ బంతికీ ఎముకకూ మధ్య నలిగి, లోపల చిన్న రక్తనాళాలు చిట్లుతాయి. చోటు నల్లబడి బిగుసుకుపోతుంది. ఇంట్లో వెంటనే ఏదో ఒక తైలం రాసి గట్టిగా రుద్దబోతారు. రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. మొదటి రెండు మూడు రోజులు వాటివల్ల లోపలి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. గుడ్డలో మంచుముక్కలు చుట్టి కొంచెంసేపు పెట్టి తీస్తూ, ఆ రోజుకు ఆట మానాలి. మోకాలు సరిగా వంగకపోతే డాక్టరుకు చూపించాలి.

కొత్తది కొనే స్తోమతు అందరికీ ఉండదు. గోల్‌కీపరు సామాను ఎప్పుడూ ఖరీదే. 2021లో టోక్యోలోనూ, 2024లో పారిస్‌లోనూ మన జట్టుకు కంచు పతకం వచ్చినప్పుడు గోలు కాచిన శ్రీజేష్ కేరళలో కిళక్కంబలం అనే ఊరి రైతు కొడుకు. అతను బడిలో ఉన్నప్పుడు కీపరు సామాను కొనటానికి వాళ్ళ నాన్న ఆవును అమ్మాడు. ఆవును అమ్మకుండా గడవాలంటే, పెద్ద తరగతివాళ్ళు వాడి వదిలేసిన నిక్కరు తీసుకోవచ్చు. తప్పేమీ లేదు. కాని వేళ్ళతో నొక్కే పరీక్ష ప్రతి మెత్తకూ విడివిడిగా చెయ్యండి. నొక్కినచోట గుంట అట్లాగే ఉండిపోతే ఆ ఫోము చచ్చిపోయిందన్నమాట. మెత్తలు తీసి మార్చుకునే రకమైతే చచ్చినవాటిని మటుకు మార్చుకోవచ్చు. నడుముపట్టీ సాగిపోయి ఉంటే దర్జీచేత కొత్త ఎలాస్టిక్ వేయించుకోండి. అది చిన్న ఖర్చు.

ఆట అయ్యాక చెమటతో తడిసిన నిక్కరును సంచీలో కుక్కి మర్నాటిదాకా ఉంచితే వచ్చే కంపు చెప్పనలవి కాదు. ఇంటికి రాగానే బయటికి తీసి తిరగేసి గాలికి వెయ్యండి. ఉతికేటప్పుడు బండమీద బాదకండి, మెలిపెట్టి పిండకండి. చన్నీళ్ళలో కాస్త సబ్బుతో చేత్తో నలిపి, జాడించి, నీరు కారేదాకా వేలాడదియ్యండి. మండుటెండలో వేస్తే ఫోము పెళుసెక్కుతుంది కనక నీడన ఆరెయ్యాలి. మెత్తల లోపల తడి పూర్తిగా పోవటానికి ఒక రోజు చాలకపోవచ్చు. అందుచేత పోటీ శనివారమైతే బుధవారమే ఉతుక్కోండి.